రాణిగంజ్ బేరింగుల దుకాణానికి వెబ్‌సైటు కావాలా?

ప్రశ్న: మా నాన్నగారికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 32 ఏళ్లుగా బేరింగులు, వీ-బెల్టులు, ఆయిల్ సీళ్లు, నట్టు బోల్టుల దుకాణం ఉంది. ఏడాదికి ఆరు కోట్ల దాకా అమ్మకం. జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీల వాళ్లు మెల్లగా ఆన్‌లైన్‌లో కొనడం మొదలుపెట్టారు. ఒక కంపెనీ వెబ్‌సైటుకు, యాప్‌కు కలిపి మూడున్నర లక్షలు అడుగుతోంది. నాన్నగారేమో ‘మన వ్యాపారం మాట మీద నడిచేది, కంప్యూటర్ మీద కాదు’ అంటున్నారు. నేను ఉద్యోగం మానేసి దుకాణంలో కూర్చుని ఆరు నెలలైంది. ఏం చేయమంటారు?

సమాధానం:

మూడున్నర లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఈ ముక్క చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుకుంటారు.

అలాగని మీ నాన్నగారి మాట పూర్తిగా ఒప్పుకోలేను. అయిదు కోట్ల టర్నోవర్ దాటిన ప్రతి దుకాణం 2023 ఆగస్టు 1 నుంచి, జీఎస్‌టీ నంబరున్న కొనుగోలుదారుకు రాసే ప్రతి బిల్లుకూ ఈ-ఇన్వాయిస్ తీయాల్సిందే. అంటే ఆయన మాట మీద నడుపుతున్న వ్యాపారంలో అలాంటి ప్రతి బిల్లూ ఇప్పటికే ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, ఒక నంబరూ క్యూఆర్ గుర్తూ వేయించుకుని తిరిగి వస్తోంది. యాభై వేలు దాటిన సరుకు బయలుదేరితే ఈ-వే బిల్లు కూడా. మీ దుకాణానికి కంప్యూటర్ ఎప్పుడో వచ్చింది. పన్ను కోసం వచ్చింది, వ్యాపారం కోసం రాలేదు, అంతే తేడా.

నేను మీ గల్లీకి నాలుగు గల్లీల అవతల 1996 నుంచి ఇదే సరుకు అమ్మాను. ఇప్పుడు దుకాణం మా అమ్మాయి చూసుకుంటోంది. నాకూ 2014లో మీకు పుట్టిన కోరికే పుట్టింది. లక్షా ఎనభై వేలు పోసి వెబ్‌సైటు చేయించాను. బ్రహ్మాండంగా ఉంది. మొదటి పేజీలో తిరిగే గేరు బొమ్మ, దాని కింద మా నాన్నగారి ఫొటో. నాలుగు వందల ఐటంలు ఎక్కించాం. పదకొండు నెలల్లో వచ్చిన ఆర్డర్లు మూడు. అందులో ఒకటి సీలింగ్ ఫ్యాన్‌కు వేసే 6202 బేరింగులు, రెండంటే రెండు, అదీ గోరఖ్‌పూర్ నుంచి. కొరియర్ ఖర్చు సరుకు ధర కంటే ఎక్కువైంది. ఏడాది తిరిగేసరికి సైటు రెన్యువల్ కట్టమని ఫోను వస్తే, ఆ గేరు బొమ్మను ఆపేయమని చెప్పాను. ఇల్లు అలకగానే పండుగ కాదని అప్పుడు అర్థమైంది.

తప్పు వెబ్‌సైటు చేసినవాళ్లది కాదు, నాదే. వాళ్లు ‘ఐటంల జాబితా ఇవ్వండి’ అని అడిగినప్పుడు టాలీలోంచి, అంటే మనం బిల్లులు, స్టాకు లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోంచి తీసి ఇచ్చాను. ఆ జాబితా ఎంత అధ్వాన్నంగా ఉందో అప్పటికి నేను ఒక్కసారి కూడా చదవలేదు.

దాని సంగతి చెప్పేముందు, మీ కస్టమర్లు ఆన్‌లైన్‌కు పోతున్నారంటున్నారు కదా, ఏ సరుకు పోతోందో చూశారా? టాలీలో గత రెండేళ్ల అమ్మకాలు కస్టమర్ల వారీగా, ఐటంల వారీగా తీసి పక్కపక్కన పెట్టండి. మా దుకాణంలో నేను ఇలా చూసినప్పుడు బేరింగులు, బెల్టులు పెద్దగా కదల్లేదు. పోయినవి చేతి గ్లవ్స్, కటింగ్ వీల్స్, డ్రిల్ బిట్లు, ఇన్సులేషన్ టేపులు. ఎవరు అమ్మినా ఒకటే అయిన సరుకు. ఫ్యాక్టరీ కొనుగోళ్లు రెండు రకాలు. మొదటిది, పర్చేజ్ డిపార్ట్‌మెంటు కుర్రాడు మూడు కొటేషన్లు పెట్టుకుని తక్కువకు కొనేది. రెండోది, రాత్రి పదకొండింటికి మందుల ఫ్యాక్టరీలో మోటారు ఆగిపోతే మెయింటెనెన్స్ వాళ్లు మీ నాన్నగారి సెల్‌కు ఫోన్ చేసి ‘అన్నా, షట్టర్ తీయాలి’ అని అడిగేది. మొదటి రకంలో ఆన్‌లైన్ కంపెనీలతో మీరు గెలవలేరు, గెలిచినా మిగిలేది ఏమీ ఉండదు. రెండో రకం వాళ్ల చేతికి చిక్కదు. ఈ రెండింటి మధ్య ఇంకొకటి ఉంది: అదే కస్టమరు, అదే మెషీనుకు, అదే సరుకు, రెండు మూడు నెలలకోసారి కొనేది. మీ ఆరు కోట్లలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుందని నా అంచనా. మీరు కంప్యూటర్‌తో కాపాడుకోవాల్సింది దాన్నే.

ఇక జాబితా సంగతి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 6205 బేరింగు. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, మందం 15. ఇది ప్రపంచమంతా ఒకటే. కానీ రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నదాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాస్తుంది. ఎస్‌కేఎఫ్ వాళ్లు 2ఆర్ఎస్1 అనో 2ఆర్ఎస్‌హెచ్ అనో, ఎన్ఎస్‌కే వాళ్లు డీడీయూ, ఎన్‌టీఎన్ వాళ్లు ఎల్ఎల్‌యూ, ఎఫ్ఏజీ వాళ్లు 2ఆర్ఎస్ఆర్. నా టాలీలో ఆ ఒక్క సైజు రబ్బరు సీలు బేరింగు తొమ్మిది పేర్లతో ఉంది. ‘6205 రబ్బర్’ ఒకటి, ‘6205ఆర్ఎస్’ ఖాళీ లేకుండా ఒకటి, ఖాళీతో ఇంకొకటి, ‘బేరింగ్ 6205 (కొత్త)’ మరొకటి. అది ఎప్పటి కొత్తో దేవుడికే తెలియాలి. ఒక పేరు మీద స్టాకు మైనస్ పద్నాలుగు, ఇంకో పేరు మీద ప్లస్ ముప్పై. రాక్‌లో సరుకు ఉండగానే లేదని చెప్పి పక్క దుకాణం నుంచి తెప్పించి ఇచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి.

బోల్టుల దగ్గరికి వస్తే ఇంకా తమాషా. డ్రాయింగులో ఎం12 బై 50 (12 మిల్లీమీటర్ల మందం, 50 పొడవు), గ్రేడు 8.8 అని ఉంటుంది. వచ్చినవాడు ‘నాలుగు సూత్ బోల్టు, రెండంగుళాలది, హై టెన్సైల్’ అంటాడు. అంగుళంలో ఎనిమిదో వంతు సూత్, కాబట్టి నాలుగు సూత్ అంటే అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు. అతని చేతిలోని నట్టు ఏ కొలతదో చూడకుండా ఎం12 ఇస్తే సాయంత్రానికి వెనక్కి వస్తుంది. అదే బోల్టు ఒకరికి లెక్కన, ఒకరికి కిలోల్లో, ఒకరికి డబ్బాల్లో అమ్ముతాం. టాలీలో యూనిట్ ఒకటే పెట్టి ఉంటుంది. స్టాకు లెక్క ఎలా కుదురుతుంది?

మరి ఇన్నేళ్లు దుకాణం ఎలా నడిచింది? కౌంటర్‌లో కూర్చునే మనిషి వల్ల. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. నాన్నగారి కాలం నుంచీ ఉన్నారు. ఒక రోజు కాటేదాన్ నుంచి ఒక కుర్రాడు నల్లటి గ్రీజు ముద్దను పేపర్లో చుట్టి తెచ్చాడు. పెద్దాయన దాన్ని తీసుకుని, బనియన్ వేస్టు కిరోసిన్‌లో ముంచి, బొటనవేలితో అంచు మీద రుద్దారు. నంబరు అరిగిపోయింది. వెర్నియర్ తీసి మూడు కొలతలు చూశారు. 25, 62, 17. ‘6305. కానీ ఇది ఏ మెషీన్లోది బాబూ?’ ప్లాస్టిక్ గ్రైండర్‌ది అన్నాడు. ‘వేడెక్కుతుందా?’ ‘అవునండీ, నెలకో బేరింగు పోతోంది.’ పెద్దాయన లేచి వెనక రాక్‌లోంచి సీ3 రకం తెచ్చి ఇచ్చారు. బాల్స్‌కూ రింగులకూ మధ్య కాస్త ఎక్కువ సందు ఉండేది. వేడికి లోహం సాగినా బిగుసుకుపోదు. కుర్రాడు వెళ్లిపోయాక డబ్బా మీద ఏదైనా రాసుకున్నారా? లేదు. టాలీలో బిల్లు ఏమని పడింది? ‘6305’ అని. సీ3 అన్న మాట ఆయన తలలోనే ఉండిపోయింది. ఆ కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు పెద్దాయన సెలవులో ఉంటే మేం మామూలు 6305 ఇచ్చి పంపేవాళ్లం.

అమెరికాలో గ్రేంజర్ అనే కంపెనీ 1927లో చికాగోలో మోటార్లు అమ్మడంతో మొదలైంది. మొదటి నుంచీ వాళ్ల పద్ధతి కేటలాగు అచ్చు వేసి పోస్టులో పంపడం. అక్కడే ఇలాంటి సామాన్లు అమ్మే మెక్‌మాస్టర్-కార్ కంపెనీ పసుపు రంగు కేటలాగును అక్కడి ఇంజనీర్లు చాలామంది బల్ల మీదే పెట్టుకునేవారు. ప్రతి వస్తువుకూ ఒకే నంబరు, ఒకే పేరు, కొలతల పట్టిక. ఇంటర్నెట్ వచ్చినప్పుడు వాళ్లు చేసిందల్లా ఆ పుస్తకాన్ని తెర మీదకు ఎక్కించడం. పుస్తకం తయారు చేయడానికి పట్టిన దశాబ్దాల చాకిరీ ఎవరికీ కనబడదు, వెబ్‌సైటు మాత్రమే కనబడుతుంది. మనం ఏనాడూ కేటలాగు రాయలేదు. కంపెనీ ఇచ్చిన ధరల పుస్తకం మీద మన స్టాంపు వేసి పంచాం. మన కేటలాగు ఆ పెద్దాయన తలలో ఉంది. ఆయన రిటైరైతే పుస్తకమూ ఇంటికి వెళ్లిపోతుంది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని కేటలాగు రాయడం. టాలీ భాషలో చెప్పాలంటే ఐటం మాస్టర్ శుభ్రం చేయడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. అదే అసలు పని. పేరు పెట్టడానికి ఒక వరస నిర్ణయించండి: వస్తువు, సైజు, సీలు రకం, సందు రకం, కంపెనీ. ఆ వరస ఎవరికోసమూ మారకూడదు. మిగతా పేర్లన్నీ, అంటే మీ కస్టమర్లు పిలిచేవి, వేరే కంపెనీల నంబర్లు, ‘రబ్బర్ బేరింగ్’ లాంటి వాడుక మాటలు, అలియాస్‌గా (మారుపేరుగా) వేయండి. టాలీలో ఆ సౌకర్యం ఉంది, ఎవరూ వాడరు. ప్రతి ఐటంకూ రాక్ నంబరు ఉండాలి. బోల్టులకు రెండో యూనిట్ పెట్టండి. హెచ్ఎస్ఎన్ కోడ్ (పన్ను కోసం ఒక్కో రకం సరుకుకు ఉండే నంబరు) చూసుకోండి: బేరింగులు 8482, నట్టు బోల్టులు 7318, రబ్బరు బెల్టులు 4010. నా జాబితాలో ఆయిల్ సీళ్లు కొన్ని బేరింగుల కోడ్ కింద ఉన్నాయి.

ఎంత కాలం పడుతుంది? మాకు ఆరు వేల ఐటంలకు పద్నాలుగు నెలలు పట్టింది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి నాలుగో నెలలో వదిలేసి, మళ్లీ మొదలుపెట్టాం. మీరు అలా చేయకండి. ఏడాదిలో ఎక్కువసార్లు బిల్లు పడిన ఎనిమిది వందల ఐటంలు చాలు. మిగిలినవి అవసరం పడినప్పుడు, బిల్లు రాసే ముందు సరిచేస్తూ పోవచ్చు.

ఇందులో ఒక చిక్కు ఉంది, ఎవరూ మీకు చెప్పరు. మీ గుమాస్తా సహకరించడు. ఎందుకు సహకరించాలి? అతని జీతానికి గ్యారంటీ అతని తలలో ఉన్న సరుకే. దాన్ని మీ ఎక్సెల్ షీటులో పోసేస్తే రేపు పదివేలకు డిగ్రీ కుర్రాణ్ని పెట్టుకుంటారని అతనికి తెలుసు. మా పెద్దాయన మొదటి నెలంతా ‘రేపు చూద్దాం సార్’ అనే అన్నారు. నేను చేసింది చెబుతాను. జీతం పెంచి, ఇకపై కౌంటర్ అమ్మకం ఆయన పని కాదని, ఏ కుర్రాడు ఏ ఐటంకు ఏ పేరు పెట్టాలన్నా ఆయన సంతకం కావాలని చెప్పాను. బ్రేక్‌డౌన్ ఫోన్లు ఆయనకే పంపాను. ఆయన చెప్పిన ప్రతి సూచన పక్కనా ఆయన పేరు పడేలా చేశాం. తెర మీద ఆ 6305 ఎదురుగా ‘గ్రైండర్లకు సీ3 ఇవ్వాలి’ అనే మాట కింద తన పేరు చూసుకుని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఆదివారాలు కూడా వచ్చారు.

ఐటంలు కుదిరాక రెండో పని సులువు, పైగా డబ్బు ఇక్కడి నుంచే రావడం మొదలవుతుంది. ఏ కస్టమరు ఏ మెషీనుకు ఏం కొంటాడో జాబితా. పాత బిల్లుల్లో సగం ఉంటుంది, మిగతా సగం వాళ్ల స్టోర్స్ ఇన్‌చార్జితో గంటసేపు కూర్చుంటే వస్తుంది. మేం మొదట ఇరవై మంది కస్టమర్లతో మొదలుపెట్టాం.

ఇక్కడ మళ్లీ అమెరికా కథ ఒకటి. ఫాస్టెనల్ అనే బోల్టుల కంపెనీ 1967లో మినెసోటా రాష్ట్రంలోని వినోనా అనే చిన్న ఊళ్లో మొదలైంది. సిగరెట్లు అమ్మినట్టు నట్టు బోల్టులను యంత్రంలోంచి అమ్మాలన్నది వాళ్ల మొదటి ఆలోచన. ఆ ఆలోచన అప్పట్లో సాగలేదు, మామూలు దుకాణం పెట్టుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత, 2008 ప్రాంతంలో, అదే యంత్రాన్ని ఈసారి తమ దుకాణంలో కాకుండా కస్టమరు ఫ్యాక్టరీ లోపల పెట్టడం మొదలుపెట్టారు. కార్మికుడు తన కార్డు చూపించి గ్లవ్స్ తీసుకుంటాడు, లెక్క ఫాస్టెనల్‌కు పోతుంది, అయిపోకముందే వాళ్లు వచ్చి నింపుతారు. ఇప్పుడు అలాంటివి లక్షకు పైగా ఉన్నాయి. కస్టమరు ఏ వెబ్‌సైటూ తెరవడు, ఎవరినీ కొటేషన్ అడగడు.

మనకు ఆ యంత్రాలు పెట్టే స్థోమత లేదు. దానికి పేదవాడి పద్ధతి ఒకటి ఉంది. కస్టమరు స్టోర్స్‌లో మీ సరుకు ఉండే ప్రతి డబ్బా మీదా ఒక స్టిక్కర్ అంటించండి. దాని మీద ఐటం పేరు, వాళ్ల మెషీన్ పేరు, ‘రెండు మిగిలితే ఆర్డర్ పెట్టాలి’ అన్న గీత, ఒక క్యూఆర్. ఆ క్యూఆర్ స్కాన్ చేస్తే ముందే రాసిపెట్టిన సందేశంతో వాట్సాప్ తెరుచుకుంటుంది: ఫలానా కంపెనీ, ఫలానా ఐటం, నాలుగు. స్టోర్స్ కుర్రాడు పంపు బటన్ నొక్కితే చాలు. ఇలాంటి లింకు తయారు చేసుకోవడం ఉచితం. స్టిక్కర్లకు చిన్న లేబుల్ ప్రింటర్ కొనాలి. మూడున్నర లక్షల యాప్ చేసే పనిలో ముప్పావు వంతు ఇదే చేస్తుంది. పైగా ఆ కుర్రాడు కొత్త యాప్ ఎక్కించుకుని, పాస్‌వర్డ్ మరిచిపోయి, మళ్లీ మీకే ఫోన్ చేసే బాధ ఉండదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లకు ఇదే పద్ధతి వేరే రకంగా పనికొచ్చింది. ధాన్యం వచ్చే రోజుల్లో మిల్లు రాత్రింబవళ్లు ఆడుతుంది, బెల్టు తెగితే నిముషాల లెక్క. సీజన్‌కు మూడు వారాల ముందే పోయిన సీజన్‌లో వాళ్లు కొన్న బీ, సీ రకం వీ-బెల్టుల జాబితా వాట్సాప్‌లో పంపుతాం: ‘పోయినసారి బీ-75 అర్ధరాత్రి ఆరు తీసుకున్నారు, ఈసారి ముందే పంపమంటారా?’ సగం మంది అవునంటారు. ఆర్టీసీ కార్గోలో సాయంత్రం వేస్తే తెల్లారేసరికి చేరుతుంది. దీనికి కావలసింది పాత బిల్లు, తేదీ, సరైన పేరు. మూడూ టాలీలోనే ఉన్నాయి.

ధరల విషయంలో జాగ్రత్త. మన బజారులో ఒక్కో కస్టమరుకు లిస్టు ధర మీద ఒక్కో డిస్కౌంటు. ఒకరికి 28 శాతం, ఒకరికి 35, ఫలానా ఆయన మీ నాన్నగారికి స్నేహితుడు కాబట్టి 38. ఇవన్నీ బహిరంగంగా సైటులో పెడితే మర్నాటి ఉదయం ఫోన్లు మోగిపోతాయి. జపాన్‌లో 2000లో గ్రేంజర్, సుమితోమో కలిసి పెట్టిన మోనోటారో కంపెనీ సరిగ్గా ఈ అలవాటు మీదే దెబ్బ కొట్టింది. మనిషిని బట్టి ధర చెప్పే సామాన్ల దుకాణాల ముందు, అందరికీ ఒకటే ధర అని చిన్న వర్క్‌షాపుల వాళ్లను పిలిచింది. అది బాగా నడిచింది. ఎందుకంటే ఆ చిన్నవాళ్లను ఎవరూ పట్టించుకునేవారు కాదు. మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటి ఉంది: నెలకు అయిదు వేలు కూడా కొనని చిన్న కస్టమర్లకు ఒకటే ధర, వెంటనే డబ్బు, బేరం లేదు అని పెట్టండి. పెద్దవాళ్ల డిస్కౌంట్లు టాలీలోని ధరల జాబితాల్లో లోపలే ఉండాలి. రేపు సైటు పెట్టినా లాగిన్ అయ్యాకే ధర కనబడాలి.

ఇక ఇండియామార్ట్, మోగ్లిక్స్, అమెజాన్ బిజినెస్ లాంటి ఆన్‌లైన్ బజార్లలో చేరాలా అన్నది మీ తర్వాతి ప్రశ్న అవుతుంది. రోజూ అమ్ముడయ్యే సరుకు అక్కడ పెట్టి లాభం లేదు. అక్కడ మీరు పోటీ పడేది తయారీదారు దగ్గర నేరుగా కొని అమ్మేవాళ్లతో. పైగా మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే మీకు రావాల్సిన డబ్బులోంచి వాళ్లు ముందే పన్ను పట్టుకుంటారు: జీఎస్‌టీ కింద అర శాతం (టీసీఎస్), ఆదాయపు పన్ను కింద 0.1 శాతం (టీడీఎస్). రెండూ తర్వాత మీ లెక్కలోకి తిరిగి వస్తాయి, కానీ అంతవరకు డబ్బు అక్కడ ఉంటుంది. వాళ్ల కమీషను మాత్రం తిరిగి రాదు. ‘లీడ్లు’, అంటే కొనేవాళ్ల ఎంక్వయిరీలు, అమ్మే పద్ధతి సంగతి సరేసరి. నేను ఒకచోట ఏడాది డబ్బు కట్టాను. అదే ఎంక్వయిరీ మా గల్లీలో నలుగురికి వెళ్లిందని సాయంత్రం టీ దగ్గర తెలిసేది.

కానీ ఒక్క దానికి అవి బంగారం. కదలని సరుకు. మీ అటక మీద కూడా ఉంటాయి, పాత దిగుమతి మెషీన్లకు తెప్పించిన అంగుళాల కొలత టేపర్ రోలర్ బేరింగులు, ఎవరో ఆర్డర్ ఇచ్చి తీసుకోని గొలుసులు. మన ఊళ్లో దానికి ఒక్క గిరాకీ కూడా ఉండదు. దేశం మొత్తంలో ఒకరు ఉంటారు. రెండేళ్లుగా కదలని ఐటంలు మేం సరైన నంబర్లతో, ఫొటోలతో పెట్టాం. ఆరేళ్లుగా దుమ్ము పట్టిన ఒక జత రాజ్‌కోట్‌కు వెళ్లింది. ఆయన బేరం కూడా ఆడలేదు, మూడు నెలలుగా వెతుకుతున్నాడట. ఆ కదలని స్టాకులో మీ డబ్బు ఎంత ఇరుక్కుందో లెక్క వేయండి. వెబ్‌సైటు ఖర్చు అందులోంచే రావచ్చు.

బ్రాండు బేరింగులు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు మీ డీలర్‌షిప్ ఒప్పందం చదవండి. కొన్ని కంపెనీలు ఏ ప్రాంతంలో అమ్మాలో, ఆన్‌లైన్‌లో అమ్మవచ్చో లేదో అందులోనే రాస్తాయి. నకిలీ బేరింగుల భయం కొనేవాళ్లకు ఇప్పుడు బాగా ఉంది. ఎస్‌కేఎఫ్, షాఫ్లర్ లాంటి కంపెనీలు అసలుదో కాదో ఫోనుతో చూసుకునే యాప్‌లు ఇస్తున్నాయి. కౌంటర్‌లోనే కస్టమరు ముందు స్కాన్ చేసి చూపించండి. అధీకృత డీలరుకు అంతకు మించిన ప్రచారం ఇంకొకటి లేదు. బీహెచ్ఈఎల్, మిధాని లాంటి కేంద్ర సంస్థలకు అమ్మే ఉద్దేశం ఉంటే ప్రభుత్వ సంస్థలు సరుకు కొనేందుకు 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో నమోదు కావాలి. అది వేరే వ్యాపారం, కాగితాల ఓపిక ఉన్న మనిషి కావాలి.

అసలు కష్టం గురించి ఇప్పటిదాకా మాట్లాడలేదు. ఉద్దెర.

పరిశ్రమ సరుకు వ్యాపారంలో మనం బేరింగులతో పాటు అప్పు కూడా అమ్ముతాం. తొంభై రోజుల గడువు అంటారు, నూట ఇరవై అవుతుంది. లక్ష రూపాయల సరుకు ఇస్తే దాని మీద 18 వేల పన్ను. ఆ పన్ను కొంత కొన్నప్పుడు కంపెనీకి, మిగతాది మర్నెల 20 లోగా ప్రభుత్వానికి మీరు కట్టేసి ఉంటారు. కస్టమరు మాత్రం బిల్లు మీ రిటర్నులో కనబడగానే ఆ పన్నును క్రెడిట్‌గా వాడేసుకుంటాడు, అంటే తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. ఇక్కడ మీ చేతిలో ఒక ఆయుధం ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే అతను ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. వాళ్ల ఆడిటరుకు ఇది బాగా తెలుసు. 150వ రోజున మర్యాదగా గుర్తుచేసే సందేశం అకౌంట్స్ వాళ్లకు పంపితే పని జరుగుతుంది. 45 రోజుల్లో చిన్న పరిశ్రమలకు చెల్లించాలన్న ఆదాయపు పన్ను నిబంధన (1961 చట్టంలో 43బి(హెచ్)) మనకూ వర్తిస్తుందని బజారులో చాలామంది అనుకుంటున్నారు. వర్తించదు. వ్యాపారులకు ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఇచ్చింది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం కోసమే. దాన్ని నమ్ముకుని కస్టమరుతో గొడవ పడకండి.

వసూళ్లలో కంప్యూటర్ చేసే గొప్ప మేలు లెక్కలు కాదు, మొహమాటం తీసేయడం. మీ నాన్నగారు ఇరవై ఏళ్ల స్నేహితుణ్ని డబ్బు అడగలేరు. నేనూ అడగలేకపోయేవాణ్ని. టాలీలో ప్రతి ఖాతాకూ అప్పు పరిమితి, గడువు పెట్టే వీలుంది. పెట్టండి. పరిమితి దాటగానే బిల్లు ఆగిపోతుంది. అప్పుడు మీ నాన్నగారు ఎంతో బాధగా, ‘నాదేముందయ్యా, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదు, మా అబ్బాయి పెట్టాడు’ అనవచ్చు. తిట్లు మీకు పడతాయి, డబ్బు దుకాణానికి వస్తుంది. ప్రతి నెలా అయిదో తేదీన అందరికీ, సకాలంలో కట్టేవాళ్లతో సహా, బాకీల పట్టిక వెళ్లాలి. అందరికీ వెళ్తే ఎవరికీ అవమానం ఉండదు. మా దుకాణంలో మొత్తం ఈ డిజిటల్ వ్యవహారంలో మొదట లాభం కనబడింది ఇక్కడే.

ఇవన్నీ అయ్యాక వెబ్‌సైటు. అప్పటికి మీ దగ్గర శుభ్రమైన ఎనిమిది వందల ఐటంలు, ఇరవై ముప్పై మంది కస్టమర్ల జాబితాలు, వాళ్లవాళ్ల ధరలు ఉంటాయి. సైటు చేసేవాళ్లను మొదట అడగాల్సింది ‘టాలీలో స్టాకు మారితే మీ సైటులో తనంతట తానే మారుతుందా?’ అని. చేత్తో ఎక్కించాలంటే వద్దు, రెండో నెలకే అబద్ధాలు చెప్పే సైటు అవుతుంది. రెండోది, ఎల్ఎల్‌యూ అని వెతికితే 2ఆర్ఎస్ కనబడుతుందా, ‘నాలుగు సూత్’ అని కొడితే అరంగుళం బోల్టు వస్తుందా అని. మూడోది, కస్టమరు తన పాత బిల్లు తెరిచి ‘మళ్లీ ఇదే’ అని నొక్కగలడా అని. ఈ మూడింటికీ తిరిగే గేరు బొమ్మతో పని లేదు.

ఆదివారం షట్టర్ సగం దించి ఒక్క రాక్‌తో మొదలుపెట్టండి. బేరింగులు కాదు, ఆయిల్ సీళ్లు. వాటి పేరులోనే కొలత ఉంటుంది, 25-47-7 అంటే లోపల, బయట, మందం. తప్పు జరగడం కష్టం, మధ్యాహ్నానికి ఒక రాక్ అయిపోతే అందరికీ ఉత్సాహం వస్తుంది. నాన్నగారిని నిచ్చెన ఎక్కించకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరు ఒక్కో డబ్బా దించి పేరు చదవండి. ‘అది బాలానగర్ ప్రెస్సు వాళ్ల కోసం తెప్పించింది, వాళ్లు ఆ మెషీను అమ్మేశారు’ లాంటి మాటలు ఆయన నోటి వెంట వస్తూనే ఉంటాయి. అవి కూడా రాసుకోండి, దానికి ఒక గడి పెట్టుకోండి.